కొత్త పదార్థం పుట్టిందా? భౌతిక, రసాయన మార్పుల ప్రాజెక్టు డైరీ

కళ్లెదుట ఒక మార్పు జరిగినప్పుడు అది భౌతికమో రసాయనమో చేతిలో ఆధారంతో చెప్పగలగాలి. ఈ ప్రాజెక్టు పని అంతే. బుడగలు, రంగు మారడం, వేడెక్కడం, చల్లబడటం, తెల్లటి మడ్డి, వెనక్కి తిప్పలేకపోవడం అంటూ గుర్తుల జాబితాను బట్టీ పట్టడం తేలికే. కానీ వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నిలబడదు. ప్రతి గుర్తుకూ రెండు వైపులా ఉదాహరణలున్నాయి. అందుకని ప్రయోగాలను జంటలుగా అమర్చాం. అదే గుర్తు ఒకసారి భౌతిక మార్పులో కనిపిస్తుంది, ఇంకోసారి రసాయన మార్పులో. ప్రతిసారీ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: మొదట పెట్టిన పదార్థమే చివరికీ మిగిలిందా, దానికి లేని గుణాలతో వేరేది వచ్చిందా?

1వ రోజు: సామాను, సున్నపు తేట, నిదానంగా నడిచే నాళిక

అన్నిటికన్నా ముఖ్యం త్రాసు. 200 గ్రాముల వరకు మోస్తూ 0.01 గ్రాము వరకు చూపించే డిజిటల్ త్రాసు కావాలి. ఒక గ్రాము మెట్టుతో చూపించే త్రాసు ఈ పనికి చాలదు, ఎందుకంటే ఇక్కడ తేడాలు చాలావరకు రెండు గ్రాముల లోపే. గాలి తగలని చోట, చదునైన బల్ల మీద పెట్టాలి. వేడి గిన్నెను ఎప్పుడూ తూచకూడదు. దాని చుట్టూ వేడెక్కిన గాలి పైకి లేస్తూ గిన్నెను కాస్త ఎత్తుతుంది, తూకం తక్కువ చూపిస్తుంది. పూర్తిగా చల్లారే వరకు ఆగాల్సిందే.

మిగతా సామాను: పింగాణీ గిన్నెలు రెండు, గట్టి గాజు పరీక్షనాళికలు ఆరు, 250 మి.లీ. బీకర్లు, గాజు కడ్డీ, వడపోత కాగితం, ఎరుపు, నీలి లిట్మస్ కాగితాలు, థర్మామీటరు, స్పిరిట్ దీపం లేదా గ్యాస్ బర్నరు, అయస్కాంతం, కళ్లకు రక్షణ అద్దాలు.

సున్నపు తేట ముందురోజే చేసి పెట్టుకోవాలి. లీటరు నీటిలో 3 గ్రాముల తడి సున్నపు పొడి, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, వేసి మూత బిగించి బాగా ఊపి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. లీటరుకు ఒకటిన్నర గ్రాముకు కాస్త పైగా మాత్రమే కరుగుతుంది, మిగతాది అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటను మాత్రమే వంచుకోవాలి. సీసా మూత తీసి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన తెల్లటి పొర కడుతుంది. పొర కట్టిన తేటను మళ్లీ వడకట్టి వాడొచ్చు, కానీ బలం తగ్గి ఉంటుంది.

ఈ రోజే మొదలుపెట్టాల్సిన ప్రయోగం ఇంకొకటుంది, తుప్పు నాళిక. దానికి నాలుగైదు రోజులు కావాలి. 1 గ్రాము సన్నరకం స్టీల్ ఊల్‌ను (ఉక్కు పీచు) ఒక నిమిషం వినెగర్‌లో ముంచి తీశాం. తుప్పు పట్టకుండా దానికి పూసే పైపొర పోవడానికి ఇది. తర్వాత నీటితో రెండుసార్లు కడిగి విదిలించాలి. ఈ కడుగుడు వదిలేస్తే ప్రయోగం చెడుతుంది. మిగిలిన ఆమ్లం ఇనుముతో కలిసి కొద్దికొద్దిగా హైడ్రోజన్ విడుస్తుంది, అది నీటిని కిందికి నెడుతుంది, ఆక్సిజన్ ఖర్చయినందుకు పైకి రావాల్సిన నీరు రాదు. తడి పీచును 150 మి.మీ. పొడవు, 18 మి.మీ. లోపలి వెడల్పు ఉన్న నాళిక అడుగుకు తోసి, నాళికను నీటి గిన్నెలో బోర్లించి స్టాండుకు బిగించాం. లోపలి నీటి మట్టం దగ్గర ఒక గీత, దాని పక్కన గది ఉష్ణోగ్రత.

2వ రోజు: బుడగలు

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసే గుర్తు ఇదే. మూడు బీకర్లు పక్కపక్కన పెట్టాం: మరుగుతున్న నీరు, అప్పుడే తెరిచిన సోడా నీరు, వంట సోడా మీద వినెగర్. మూడింటిలోనూ బుడగలే.

మరిగే నీటి బుడగల్లో ఉన్నది నీటి ఆవిరి. చల్లటి గాజు పలకను పైన పట్టి చుక్కలు కూడబెడితే నీరే తిరిగొస్తుంది. ఇందులో వివాదమేమీ లేదు.

సోడా నీటి దగ్గరే చాలామంది జారిపోతారు. దాని బుడగలను ఒక గొట్టం గుండా సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా మారుతుంది. ‘కార్బన్ డయాక్సైడ్ వచ్చింది కాబట్టి రసాయన మార్పు’ అని రాసేస్తారు. ఆ వాయువు అప్పటికప్పుడు పుట్టింది కాదు, ఒత్తిడితో నీటిలో కరిగించి పెట్టినది. మూత తీయగానే ఒత్తిడి తగ్గి బయటికొచ్చింది. ఇందులో సన్నటి మెలిక ఒకటి ఉన్న మాట నిజం. కరిగిన వాయువులో వెయ్యింట రెండు వంతులు మాత్రం కార్బానిక్ ఆమ్లంగా ఉంటుంది, అది విడిపోవడం రసాయన మార్పే. కానీ మనం చూసే బుడగల్లో దాదాపు అంతా కరిగి ఉన్న వాయువు వెలికి రావడమే. సున్నపు తేట చెప్పేది ఏ వాయువు అన్నది మాత్రమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు.

ఇక మూడోది. 5.00 గ్రాముల వంట సోడాకు 5 శాతం వినెగర్ సుమారు 71 మి.లీ. సరిపోతుంది. 80 పోశాం, సోడా మిగిలిపోకుండా. లెక్క ప్రకారం రావాల్సిన కార్బన్ డయాక్సైడ్ 2.62 గ్రాములు. తెరిచిన బీకరులో చేస్తే తూకం అంత పడదు, 2.3 నుంచి 2.5 మధ్య ఆగుతుంది. కారణాలు రెండు. సుమారు 0.1 గ్రాము ద్రవంలోనే కరిగి ఉంటుంది. బీకరు ఖాళీలో నిండిన కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు కాబట్టి ఇంకో 0.1 గ్రాము దాకా అక్కడే కూర్చుంటుంది. బీకరును మెల్లగా ఊపి, పైనుంచి సన్నగా ఊది మళ్లీ తూస్తే రెండో తప్పు పోతుంది. తూకం 2.62 కన్నా ఎక్కువ పడిందంటే తుంపరలు బయటికి చిందాయన్నమాట. వినెగర్‌ను ఒక్కసారిగా కాకుండా నాలుగైదు విడతలుగా పోయాలి.

ద్రవ్యరాశి మారలేదని చూపించడానికి చాలామంది సీసా మూతికి బెలూన్ తగిలించి చేస్తారు. ఆ పద్ధతి ఇక్కడ తప్పుడు జవాబిస్తుంది. 5 గ్రాముల సోడా నుంచి వచ్చే వాయువు దాదాపు లీటరున్నర. అంత ఉబ్బిన బెలూన్ తన పరిమాణమంత గాలిని పక్కకు నెడుతుంది, ఆ గాలి బరువు 1.6 నుంచి 1.7 గ్రాములు. నీటిలో వస్తువు తేలికైనట్టే గాలిలో బెలూన్ అంత తేలికవుతుంది. వాయువు చుక్క కూడా పోకపోయినా త్రాసు ఒకటిన్నర గ్రాముకు పైగా నష్టం చూపిస్తుంది. అది చూసి బెలూన్ కారిందని నాలుగుసార్లు మార్చినా ఫలితం అదే.

సరైన దారి ఉబ్బని పాత్ర. 500 మి.లీ. శీతల పానీయం ప్లాస్టిక్ సీసా తీసుకుని, 0.50 గ్రా. సోడాను పల్చటి కాగితంలో పొట్లం కట్టి, 15 మి.లీ. వినెగర్ పోసిన సీసాలోకి జారవిడిచి వెంటనే మూత బిగించాలి. వచ్చే వాయువు 150 మి.లీ. లోపే, ఒత్తిడి గాలి ఒత్తిడికి మూడో వంతు మాత్రం పెరుగుతుంది. పానీయాల సీసాలు దీన్ని సునాయాసంగా తట్టుకుంటాయి. గాజు సీసా వాడకూడదు, సోడా కొలత పెంచకూడదు. ముందూ వెనకా తూకం 0.01 గ్రాము తేడాలో నిలుస్తుంది. మూత తిప్పి వాయువును వదిలి, లోపలి వాయువును బయటికి ఊది మళ్లీ తూస్తే పావు గ్రాముకు కాస్త తక్కువగా పడుతుంది.

అసలు తీర్పు మాత్రం మిగిలిన ద్రవంలో ఉంది. 5 గ్రాముల ప్రయోగం ద్రవాన్ని పింగాణీ గిన్నెలో సన్నసెగ మీద చిక్కబరిస్తే సోడియం అసిటేట్ మిగులుతుంది. పాకంలా అయి గడ్డకట్టకుండా మొరాయిస్తే గాజు కడ్డీతో గిన్నె లోపల గీకాలి, స్ఫటికాలు టక్కున మొదలవుతాయి, గిన్నె వెచ్చబడుతుంది కూడా. ఆ స్ఫటికాల మీద తాజా వినెగర్ చుక్క వేస్తే బుడగ రాదు. వంట సోడా మీద వేస్తే వస్తుంది. రెండూ తెల్లటివే, రెండూ నీటిలో కరిగేవే, కానీ ఒకటి కాదు. తూకం చూసి గందరగోళపడొద్దు. ఈ స్ఫటికాలు నీటిని కలుపుకుని గట్టిపడతాయి కాబట్టి 5 గ్రాముల సోడా నుంచి 8 గ్రాముల స్ఫటికం రావచ్చు.

తుప్పు నాళిక: నీరు కొన్ని మిల్లీమీటర్లు పైకి వచ్చింది. పీచు మీద గోధుమరంగు చుక్కలు.

3వ రోజు: రంగు

ఈ రోజు జంట మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), జింక్ ఆక్సైడ్. రెండూ వేడికి రంగు మారతాయి, రెండూ పాత రంగుకి తిరిగి వస్తాయి. ఒకటి రసాయన మార్పు, ఇంకొకటి భౌతిక మార్పు. తేడా త్రాసు మీద తేలుతుంది.

మైలుతుత్తం 5.00 గ్రాములు పొడి చేసి పింగాణీ గిన్నెలో సన్నమంట మీద కడ్డీతో కలుపుతూ వేడిచేయాలి. నీలం వెలిసి బూడిద కలిసిన తెలుపు వస్తుంది. ప్రతి మైలుతుత్తం ప్రమాణంలో ఐదు నీటి అణువులుంటాయి. నాలుగు 110 డిగ్రీల చుట్టుపక్కల పోతాయి, ఐదోది 200 దాటితే గానీ కదలదు. కనుక తెల్లబడగానే ఆపితే పని సగంలో ఆగినట్టే. నీరంతా పోతే 36 శాతం తగ్గి 3.20 గ్రాములు మిగలాలి. వేడిచేసి, చల్లార్చి, తూచి, మళ్లీ వేడిచేసి, వరుసగా రెండు తూకాలు ఒకటే వచ్చేవరకు సాగించాలి. 3.4 దగ్గర నిలిచిందంటే చివరి నీరు ఇంకా పోలేదు. 3.1కి దిగితే పొడి చిట్లి ఎగిరింది, లేదంటే మంట ఎక్కువైంది. గిన్నె అంచున నల్లగా కనిపిస్తే రెండోదే కారణం: సల్ఫేటే విడిపోయి కాపర్ ఆక్సైడ్ అవుతోంది, ఘాటైన పొగ వస్తుంది. వెంటనే మంట తీసేయాలి. చల్లారుస్తున్నప్పుడు కూడా మూత అవసరం, తెల్లపొడి గాలిలోని చెమ్మను పీల్చేస్తుంది.

చల్లారిన తెల్లపొడి మీద నీటి చుక్కలు వేస్తే నీలం తిరిగొస్తుంది, గిన్నె చేతికి తెలిసేంత వేడెక్కుతుంది. ‘వెనక్కి తిప్పగలిగితే భౌతికం’ అన్న సూత్రం ఇక్కడే చెల్లకుండా పోతుంది. లోహానికీ నీటికీ మధ్య బంధాలు తెగాయి, మళ్లీ కట్టుకున్నాయి. మైలుతుత్తం విషం. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పవు. మిగిలినదాన్ని తూములో పోయకుండా మూత సీసాలో దాచాలి, చేపలకూ నీటి జీవాలకూ అది కొద్దిపాటి మోతాదులో కూడా ప్రాణాంతకం.

జింక్ ఆక్సైడ్ 2 గ్రాములు గట్టి గాజు నాళికలో వేడిచేస్తే నిమ్మపండు పసుపు, చల్లారితే మళ్లీ తెలుపు. తూకం మారదు. కానీ మొదటి విడత వేడిలో కాస్త తగ్గితే బెదరొద్దు. పాత పొడి గాలిలోని చెమ్మ, కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని ఉంటుంది. ఒకసారి బాగా కాల్చి చల్లార్చిన తూకాన్నే మొదటి తూకంగా రాసుకుని, ఆ తర్వాత ఎన్ని విడతలు చేసినా అదే నిలుస్తుంది.

4వ రోజు: చల్లదనం

చల్లబడటం గుర్తుకి జంటగా యూరియాను తీసుకున్నాం. 50 మి.లీ. నీటిలో 20 గ్రాముల యూరియా కలిపితే ఉష్ణోగ్రత పది డిగ్రీలకు పైగా పడుతుంది. సోడా, వినెగర్ కలిసినప్పుడూ కొద్ది డిగ్రీలు పడుతుంది. రసాయన మార్పు కన్నా ఉత్త కరగడమే ఎక్కువ చల్లబరిచింది! కాబట్టి థర్మామీటరు తీర్పు చెప్పలేదు. యూరియా పూసలు కరగడానికి సమయం తీసుకుంటే బయటి వేడి లోపలికి చొరబడి తేడా తక్కువ కనిపిస్తుంది. పొడి చేసి, నురుగు ప్లాస్టిక్ కప్పులో ఒకేసారి వేయాలి.

యూరియాను తిరిగి రాబట్టడంలో ఒక చిక్కుంది. తొందరపడి మంట మీద ఎండగడితే, నీరు పోయాక యూరియా 133 డిగ్రీల దగ్గర కరిగి విడిపోవడం మొదలుపెడుతుంది, అమ్మోనియా వాసన వస్తుంది. భౌతిక మార్పు అని నిరూపించబోయి మనమే రసాయన మార్పు చేసినట్టు. వెడల్పు పళ్లెంలో పోసి రెండు మూడు రోజులు గాలికి ఆరనివ్వడమే మేలు.

తుప్పు నాళిక: నీరు ఇంకా ఎక్కుతోంది, నిన్నటికన్నా నెమ్మదిగా.

5వ రోజు: ఇనుము, గంధకం

మిశ్రమానికీ సమ్మేళనానికీ తేడా చూపించడంలో దీన్ని మించినది లేదు, కానీ సగం చోట్ల కొలత తప్పి విఫలమవుతుంది. సరైన పాళ్లు ఇనుము 7, గంధకం 4. ఇనుప రజను 1.75 గ్రా., గంధకం పొడి 1.00 గ్రా. బాగా కలపాలి. అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి దగ్గరికి తెస్తే రజను మొత్తం లేచి వస్తుంది, గంధకం మిగులుతుంది. సంచి చుట్టకపోతే రజను అయస్కాంతానికి అతుక్కుని గంటసేపు వదలదు.

మళ్లీ కలిపి గట్టి గాజు నాళికలో పోసి, మూతిలో గ్లాస్ ఊల్ (గాజు పీచు) వదులుగా పెట్టి, కింది భాగాన్ని వేడిచేయాలి. ఎర్రటి మెరుపు మొదలవగానే మంట తీసేయాలి. ఆ మెరుపు తనంతట తాను పైకి పాకుతుంది. మంట లేకుండా వేడి ఎక్కడి నుంచి వస్తోందో అడగాల్సిన క్షణం ఇదే: కొత్త బంధాలు కట్టుకుంటున్నప్పుడు విడుదలైన శక్తి అది. గ్లాస్ ఊల్ లేకపోతే గంధకం ఆవిరి బయటికొచ్చి నీలిమంటతో అంటుకుంటుంది, సల్ఫర్ డయాక్సైడ్ గొంతు పట్టేస్తుంది. వేడి నాళికను నీటిలో ముంచితే పగులుతుంది, చల్లారనివ్వాలి.

వచ్చిన నల్లటి ముద్దను అయస్కాంతం లాగకూడదు. లాగిందంటే ప్రయోగం తప్పని కాదు, ఇనుము మిగిలిందని అర్థం. రజను ముతకగా ఉంటే గింజ మధ్యభాగానికి గంధకం చేరదు. సన్నటి రజను వాడి, గంధకం చిటికెడు ఎక్కువ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆమ్లంతో పరీక్ష చేయాలంటే గోరంత ముక్క మీద రెండు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు, అదీ కిటికీ పక్కన లేదా పొగగూడులో (వాయువులను బయటికి లాగే ప్రయోగశాల అర). కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది విష వాయువు, ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, కాబట్టి వాసన పోయింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఉత్త ఇనుము మీద అదే ఆమ్లం వాసన లేని హైడ్రోజన్‌నే ఇస్తుంది.

6వ రోజు: ఉత్పతనం అనిపించే రసాయన మార్పు

అమ్మోనియం క్లోరైడ్‌ను నాళికలో వేడిచేస్తే అడుగున మాయమై, పైన చల్లటి గాజు మీద తెల్లగా పేరుకుంటుంది. పాఠాల్లో దీన్ని ఉత్పతనానికి, అంటే ఘనం కరగకుండా నేరుగా ఆవిరి కావడానికి, ఉదాహరణగా చూపిస్తుంటారు. కానీ లోపల జరిగేది వేరు. అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులుగా విడిపోయి, పైన మళ్లీ కలుస్తుంది. చూపించే విధానం: 0.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ నాళిక అడుగున, దానిపైన రెండు సెంటీమీటర్ల గ్లాస్ ఊల్, ఊల్ పైన తడిపిన ఎరుపు, నీలి లిట్మస్ ముక్కలు. అమ్మోనియా తేలిక కావడంతో హైడ్రోజన్ క్లోరైడ్ కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. అందువల్ల క్షార గుణమున్న అమ్మోనియా ముందు చేరి ఎరుపు కాగితం నీలంగా మారుతుంది, కాసేపటికి ఆమ్ల గుణమున్న హైడ్రోజన్ క్లోరైడ్ చేరి రెండూ ఎర్రబడతాయి. ఊల్ మరీ వదులుగా ఉంటే రెండు వాయువులూ కలిసే పైకొచ్చి తేడా కనిపించదు. మరీ బిగిస్తే నాళికలో ఒత్తిడి పెరుగుతుంది. వేలితో నొక్కితే మెత్తగా దిగేంత ఉంటే సరి. ముందు కాగితం మారిన ఆ కొద్ది క్షణాలే ఈ ప్రాజెక్టు మొత్తంలో కళ్లు తిప్పకుండా చూడాల్సిన క్షణాలు.

7వ రోజు: మడ్డి, కొవ్వొత్తి, నాళిక

మడ్డి గుర్తును త్వరగా ముగించాం. ఉప్పు ఇక కరగనంత చిక్కటి ద్రావణం 10 మి.లీ.కి అంతే స్పిరిట్ కలిపితే తెల్లటి పొడి దిగుతుంది. అది ఉప్పే, వడకట్టి నీటిలో వేస్తే కరిగిపోతుంది. సున్నపు తేటలోకి నోటితో ఊదితే వచ్చే తెలుపు నీటిలో కరగదు, వడకట్టి వినెగర్ వేస్తే బుడగలిస్తుంది. ఊదడం ఆపకపోతే ఆ తెలుపు కూడా మాయమై తేట మళ్లీ తేరుకుంటుంది, కరిగే బైకార్బనేట్‌గా మారి. అప్పుడు ‘పరీక్ష పని చేయలేదు’ అని పారబోయకుండా దాన్ని మరిగించి చూడాలి, తెలుపు తిరిగొస్తుంది.

కొవ్వొత్తిలో రెండు మార్పులూ ఒకేసారి జరుగుతాయి. మైనం కరగడం, ఆవిరవడం భౌతికం, ఆవిరి మండటం రసాయనం. ఆర్పిన వెంటనే లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపిస్తే మంట పొగ మీదుగా వత్తికి దిగుతుంది, మండేది మైనపు ఆవిరి అని తెలుస్తుంది. గాలి కదలని గదిలో, ఆర్పిన ఒక సెకను లోపే చేయాలి.

తుప్పు నాళిక నిన్నటి నుంచి కదల్లేదు. గీత నుంచి నీరు సుమారు 30 మి.మీ. ఎక్కింది, 150లో ఐదో వంతు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. గది ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు మారినా మట్టం ఒక మిల్లీమీటరుకు పైగా జరుగుతుంది, అందుకే మొదటి రోజు ఉష్ణోగ్రత వద్దే కొలవాలి. పీచు చాలా భాగం ఇంకా మెరుస్తూనే ఉంది, అది సరైనదే. ఈ నాళికలో ఉన్న 8 మి.లీ. ఆక్సిజన్‌కు 25 మిల్లీగ్రాముల ఇనుము సరిపోతుంది, మనం పెట్టింది గ్రాము. పెరిగిన బరువు కూడా 10 మిల్లీగ్రాములే, మన త్రాసుకు చివరి అంకె. తుప్పులో బరువు పెరుగుతుందని తూకంతో చూపించాలంటే ఇది చాలదు. 2 గ్రాముల పీచును పువ్వులా విప్పదీసి పింగాణీ గిన్నెలో మండించి, రాలిన నలుసులతో సహా తూచాలి. పూర్తిగా మండితే 40 శాతం దాకా పెరగాలి, మధ్యభాగం మండక మిగిలిపోతుంది కాబట్టి అందులో కొంతే వస్తుంది. గిన్నె చల్లారుతోంది, తూకం ఇంకా వేయలేదు.